లోడు ట్రక్కుతో కాలవ గట్టు ఎక్కేటప్పుడు ఇంజను ముందు చక్రాలు తేలుతుండాయి: కారణం ఏంది, ఏం చెయ్యాలి?

కోవూరు_మాగాణి
అన్నలకు నమస్కారం. 45 హార్స్‌పవర్ ట్రాక్టరు (ఇంజను అంటుండేది దీన్నే), వెనక లాగే రెండు చక్రాల ట్రక్కు. తొట్టి 11 అడుగుల పొడుగు, 6 అడుగుల వెడల్పు. కోతల్లో పొలం నుంచి కాలవ గట్టు మీదికి, అక్కడి నుంచి తారు రోడ్డు మీద మిల్లుకు వడ్లు తోలాలి. గట్టు ఎక్కే ర్యాంపు పదడుగులకు అడుగున్నర లేస్తుంది. నాలుగున్నర పుట్లు ఎత్తితే స్టీరింగు తేలికైపోతుంది, ఇంకొంచెం ఎక్కువైతే ముందు చక్రాలు నేల వదిలేస్తుండాయి. వెనక టైర్లలో నీళ్లు నింపమని ఒకరు, హుక్కు పైకి వెల్డింగ్ చేయించమని ఇంకొకరు అంటుండారు. ఏది సరి?

బుచ్చి_స్టీరింగు
రెండూ వద్దు తమ్ముడూ. వెనక టైర్లలో నీళ్లు పోస్తే ఆ బరువంతా వెనక ఇరుసు మీదే పడుతుంది. పట్టు పెరుగుతుందేగాని ముందు చక్రాలకు ఒక్క కిలో కూడా కలవదు. మెట్ట దుక్కి దున్నేటప్పుడు పనికొస్తుంది, నీ ఇబ్బందికి కాదు. ఇక హుక్కు పైకి లేపడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. లాగే చోటు ఎంత పైకి పోతే ఇంజను అంత తొందరగా వెనక్కి లేస్తుంది.

ఒంగోలు_గ్యారేజీ
లెక్క వేసి చూపిస్తా, అప్పుడు అనుమానం ఉండదు.

ఇంజను బరువు సుమారు 2000 కిలోలు అనుకుందాం. అందులో ముందు ఇరుసు మీద 800. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఆరున్నర అడుగులు. ట్రక్కును హుక్కుకు తగిలించే పిన్ను వెనక ఇరుసుకు రెండడుగులు వెనక, నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉందనుకో. ఖాళీ ట్రక్కు 1200. నాలుగున్నర పుట్లంటే, మన పుట్టి 850 కిలోలు కాబట్టి, 3825. మొత్తం ట్రక్కు 5 టన్నులు. పిన్ను నుంచి ట్రక్కు ఇరుసు దాకా పదడుగులు. సరుకు బరువు మధ్యభాగం ఇరుసుకు అడుగున్నర ముందుంటే పిన్ను మీద పడేది 5000 × 1.5 ÷ 10, అంటే 750 కిలోలు.

ఆ 750 రెండడుగులు వెనక వేలాడుతుంది కాబట్టి ముందు చక్రాల నుంచి 230 కిలోలు తీసేస్తుంది. ర్యాంపు మీద 5 టన్నుల ట్రక్కును లాగాలంటే వాలుకు 750, మెత్తని నేలకు 250, కలిపి వెయ్యి కిలోల లాగుడు కావాలి. ఆ లాగుడు అడుగున్నర ఎత్తులో పట్టుకుంటుంది కాబట్టి ఇంకో 230 పోతుంది. ఇంజను తన బరువుతో తానే వెనక్కి వాలడం వల్ల 115. మొత్తం 575 పోయి, ముందు మిగిలేది 225. స్టీరింగు మాట వినాలంటే ఇంజను బరువులో ఐదో వంతు, అంటే 400 కిలోలన్నా ముందు చక్రాల మీద ఉండాలి. అందుకే తేలికైపోతుంది.

హుక్కు మూడడుగుల ఎత్తుకు లేపావనుకో, లాగుడు వల్ల పోయేది 230 కాస్తా 460 అవుతుంది. 800లో ఏమీ మిగలదు.

కాటా_లెక్కలు
గ్యారేజీ అన్నా, లెక్క బాగుంది, ఒక్కటి కలపాలి. ర్యాంపు ఎక్కేటప్పుడు సరుకు కూడా వెనక్కి వాలుతుంది. సరుకు మధ్యభాగం పిన్ను కన్నా మూడడుగులు ఎత్తులో ఉంటే ఆ వాలులో పిన్ను మీద బరువు 225 కిలోల దాకా తగ్గుతుంది. దాంతో ముందు చక్రాలకు 70 కిలోలు తిరిగొస్తాయి. 225 కాదు, 295 దగ్గర మిగులుతుంది.

ఒంగోలు_గ్యారేజీ
నిజమే, అది వదిలేశా. సరిదిద్దినందుకు సంతోషం. అయినా 400 రాలేదు చూడు. ఇదే లెక్క ఏడు పుట్లకు వేస్తే ఈ సవరింపు కలిపినా ముందు మిగిలేది 125 కిలోలే. సగం క్లచ్ మీద ఇంజను గీపెట్టి ఒక్కసారిగా కాలు తీస్తే ఆ కుదుపుకు అదీ పోతుంది. లెక్కలో చక్రం నేల మీదే ఉంటుంది, నడిపేటప్పుడు మాత్రం లేస్తుంది.

కోవూరు_మాగాణి
అయితే సరుకంతా వెనక్కి జరిపితే సరిపోదా? పిన్ను మీద బరువే ఉండదు గదా.

దర్శి_జామాయిల్
అట్టా మాత్రం చేయబాక అన్నా. మా వైపు జామాయిల్, సుబాబుల్ కర్ర తోలే ట్రక్కుల్లో జరిగేది అదే. నీ తొట్టి కొలతలే తీసుకో. ముందు పలక ఇరుసుకు ఏడడుగులు ముందు, వెనక తలుపు నాలుగడుగులు వెనక. 14 అడుగుల కర్ర ముందు పలకకు ఆనించి పేరిస్తే దాని మధ్యభాగం సరిగ్గా ఇరుసు మీదికొస్తుంది. పిన్ను మీద సరుకు బరువు సున్నా. 16 అడుగుల కర్రయితే మధ్యభాగం అడుగు వెనక పడుతుంది. 4 టన్నుల కర్ర పిన్నును 400 కిలోలతో పైకి ఎత్తుతుంది, ఖాళీ ట్రక్కు 180తో కిందికి నొక్కుతుంది, మిగిలిన 220 పైకే.

అప్పుడు రెండు దెబ్బలు. ఇంజను వెనక టైర్ల మీద బరువు తగ్గి పట్టు పోతుంది. బ్రేకులు ఉండేది ఆ వెనక టైర్లకే గదా, బ్రేకూ పోయినట్టే. రెండోది, తారు రోడ్డు మీద వేగం పెరగ్గానే ట్రక్కు తోక ఆడించడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే ప్రతి ఊపూ ముందు ఊపు కన్నా పెద్దదవుతుంది.

ఎడ్లబండికి బరువెత్తాక కాడి లేపి చూస్తారు గదా, ముందు మొగ్గు కొంచెం ఉండాలని. ఇదీ అదే. పిన్ను మీద ట్రక్కు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ఉండాలి. 5 టన్నులకు 500 నుంచి 750. పొడుగు కర్ర తప్పదనుకుంటే ఎత్తు తగ్గించి, బరువైన మొదళ్లన్నీ ముందుకు పెట్టి పేర్చాలి. అప్పుడు మధ్యభాగం అడుగన్నా ముందుకొస్తుంది.

పెన్నా_గట్టు
తొట్టి నిండిందా లేదా అని చూసి బరువు అంచనా కట్టే అలవాటు మానాలి. 11 × 6 తొట్టికి రెండడుగుల పలకలుంటే లోపల సుమారు 3.7 ఘనమీటర్లు. వడ్లు విడిగా పోస్తే ఘనమీటరు 575 కిలోల చుట్టూ తూగుతాయి, అంటే అంచుల దాకా రెండున్నర పుట్లు. అదే తొట్టిని పొడి ఇసుకతో అంచుల దాకా నింపితే 6 టన్నులు. వడ్లకు పలకలు పెంచిన ట్రక్కులో ఎండాకాలం మట్టి, ఇసుక తోలితే ఇరుసు వంగేది, హబ్బు పగిలేది ఇందుకే. ఇసుక అయితే పలకలో సగం దాకానే పొయ్యాలి, అదీ ఇరుసుకు కాస్త ముందుగా కుప్ప పొయ్యాలి.

వరిగడ్డిది వేరే సంగతి. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. గట్టు మీద ఒక చక్రం గుంటలో దిగితే చాలు, పక్కకు ఒరిగిపోతుంది. కరెంటు తీగలు కూడా చూసుకోవాలి. మోపు మీద మనిషిని కూర్చోబెట్టి తీగ ఎత్తించడం ఎంతమాత్రం తగదు.

బుచ్చి_స్టీరింగు
బ్రేకుల గురించి ఎవరూ చెప్పలేదు, ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదం. మన ట్రక్కుల్లో ఎక్కువ వాటికి బ్రేకు ఉండదు. ఇంజనుకు వెనక రెండు చక్రాలకే. 2 టన్నుల ఇంజను 5 టన్నుల ట్రక్కును ఆపాలి. తారు రోడ్డుకు వచ్చేముందు రెండు బ్రేకు పెడల్స్‌నూ కలిపే కొక్కెం వెయ్యాల్సిందే. దమ్ములో మలుపుకు ఒక్కో బ్రేకు విడిగా తొక్కుతాం కాబట్టి కొక్కెం తీసే ఉంటుంది. అట్టాగే రోడ్డెక్కి 30 కి.మీ. వేగంలో ఒక్క పెడల్ మీద కాలు పడితే ఇంజను ఆ వైపు గిరుక్కున తిరుగుతుంది, వెనక ట్రక్కు వచ్చి మడత పెడుతుంది.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కగలవో ఆ గేరులోనే దిగు. వాలు మొదలవకముందే గేరు వెయ్యి. క్లచ్ తొక్కబాక, న్యూట్రల్ చేయబాక. క్లచ్ తొక్కిన మరుక్షణం ఇంజను పట్టు వదిలేస్తుంది, ఆపైన బ్రేకులొక్కటే దిక్కు.

కాటా_లెక్కలు
బుచ్చి అన్న చెప్పిన దానికి అంకెలు. పైన చెప్పిన 5 టన్నుల ట్రక్కే, పిన్ను మీద 750. వెనక టైర్ల మీద సుమారు 2180 కిలోలు పడతాయి. పొడి తారు మీద దానిలో నూటికి 60 వంతులు బ్రేకు పట్టు వస్తుందనుకుంటే 1300 కిలోలు. ఆపాల్సింది 7 టన్నులు. కాలు బ్రేకు మీదికి పోయే ఒక సెకను కూడా కలిపితే 20 కి.మీ. వేగంలో 14 మీటర్లకు ఆగుతుంది, 30లో 27 మీటర్లు, 40లో 45 మీటర్లు. తడి బురద అంటుకున్న రోడ్డయితే 30లోనే 40 మీటర్లు.

ఇప్పుడు పదడుగులకు అడుగు దిగే వాలు తీసుకో. 7 టన్నులు కిందికి నెట్టే బలం 700 కిలోలు. పొడి నేల మీద 1300లో 600 మిగులుతుంది, మెల్లగా అయినా ఆగుతుంది. తడి నేల మీద పట్టే 760 దగ్గర ఉంటుంది, 700 పోతే మిగిలేది 60. అంటే బ్రేకు పూర్తిగా తొక్కినా చక్రాలు ఆగి, బండి జారుతూనే ఉంటుంది. వాన పడ్డ గట్టు మీద నుంచి లోడు బండిని కిందికి దించకూడదనేది ఇందుకే. సగం సరుకుతో రెండు ట్రిప్పులు వేసుకో.

సంగం_ఎడగారు
ఎక్కుతుండగా ముందు చక్రాలు లేస్తే ఆ క్షణంలో ఏం చెయ్యాలి?

బుచ్చి_స్టీరింగు
క్లచ్ పూర్తిగా తొక్కాలి, అదొక్కటే ముందు. లాగుడు ఆగగానే ముందు భాగం కిందికి పడుతుంది. ఆ వెంటనే బ్రేకు, కాని కొట్టినట్టు కాదు, నొక్కినట్టు. వెనక్కి జారుతున్న బండిని గట్టిగా ఆపితే అదే ఊపుకు మళ్లీ ముందు భాగం లేస్తుంది. అందుకే ర్యాంపు ఎక్కేటప్పుడు ట్రక్కు చక్రం పక్కగా, చక్రానికి దూరంగా, అడ్డు చెక్కతో ఒక మనిషి నడవాలి. ఆగిన వెంటనే ట్రక్కు చక్రం వెనక చెక్క పెట్టాలి. ఇంజనుకూ ట్రక్కుకూ మధ్యలో మాత్రం ఎవరూ నిలబడకూడదు. కూలోళ్లు డ్రాబార్ (ఇంజనుకు తగిలించే ట్రక్కు ముందు కమ్మీ) మీదా, మడ్‌గార్డుల మీదా కూర్చుంటే దించి నడిపించండి, ఎంత దూరమైనా సరే. మడ్‌గార్డు మీద నుంచి జారినవాడు పడేది వెనక చక్రం కిందే.

మొదలుపెట్టడం కూడా ర్యాంపు కింద చదును నేల మీదే, చిన్న గేరులో. మధ్యలో గేరు మార్చబాకండి.

ఒంగోలు_గ్యారేజీ
ముందు బరువు కావాలంటే కంపెనీ వాళ్లిచ్చే ముందు దిమ్మెలు వేయించుకోవచ్చు. ముందు ఇరుసుకు రెండడుగులు ముందు 100 కిలోలు తగిలిస్తే ముందు చక్రాల మీద 130 కలుస్తుంది. అట్టాగని దిమ్మెలు వేసుకుని ఏడు పుట్లు ఎత్తుకోమని కాదు. బ్రేకు లెక్క దిమ్మెలతో మారదు.

పిన్ను సంగతి. సెంట్రింగ్ కడ్డీ ముక్క కోసి పిన్నుగా వాడేవాళ్లు చాలామంది. అది మెత్తని ఇనుము, కోత వచ్చి అరుగుతుంది. గట్టి ఉక్కు పిన్ను, పైన తల, కింద లాక్ పిన్ను ఉండాలి. లాక్ పిన్ను బదులు కట్టిన తీగ గుంటల్లో ఊగి తెగుతుంది. డ్రాబార్ రింగును నెలకొకసారి తడిమి చూడండి. పిన్ను రాసుకునే వైపు కమ్మీ పలచబడి ఉంటే మార్పించాలి, పైన వెల్డింగ్ పూత వేస్తే ఆ చోటే పెళుసై విరుగుతుంది. పిన్నుకూ రింగుకూ మధ్య సందు ఎక్కువైతే ప్రతి గేరు మార్పుకూ సుత్తితో కొట్టినట్టు దెబ్బ పడుతుంది.

దానికి తోడు గొలుసు. డ్రాబార్ కింద రెండు గొలుసులు ఒకదాన్నొకటి దాటేలా వేసి ఇంజనుకు తగిలించాలి. పిన్ను ఊడినా డ్రాబార్ మొన రోడ్డుకు గుచ్చుకోకుండా గొలుసుల మీద ఆగుతుంది. మలుపుకు సరిపడా వదులుంటే చాలు, నేలకు రాసుకోకూడదు.

పొదిలి_హబ్బు
ట్రక్కు చక్రాల బేరింగులు సంవత్సరం పొడుగునా ఎవరూ చూడరు. సీజను ముందు రెండు హబ్బులూ విప్పి, పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగి, రోలర్ల మధ్యకు దూరేలా కొత్త గ్రీజు అదిమి పెట్టాలి. ఊరికే పైన పూస్తే లోపలికి పోదు. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బరువుగా తిరిగేదాకా బిగించి, ఆ తర్వాత పావు చుట్టుకు లోపలే వదిలి స్ప్లిట్ పిన్ను వెయ్యాలి. బిగుతుగా వదిలేస్తే బేరింగు కాలిపోతుంది, వదులైతే చక్రం ఊగి టైరు ఒక పక్కే అరుగుతుంది. పది కి.మీ. పోయాక ఆపి చేతి వెనక వైపుతో హబ్బు తాకి చూడండి. వెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే అక్కడే ఆపాలి.

గాలి: ఇంజను వెనక టైర్లకు పొలంలో 12 పౌండ్లు పెట్టి వదిలేస్తారు. లోడు రోడ్డుకు 16 నుంచి 18 కావాలి. ట్రక్కు టైర్లకు టైరు పక్కన రాసిన అంకె, రెండు వైపులా ఒకటే. ఒక వైపు తక్కువైతే బండి ఆ వైపే లాగుతుంది.

ఇందుకూరు_గుంట
కొంచెం పక్కదారి. రొయ్యల గుంటలకు ఏరేటర్లు మోసే చిన్న రెండు చక్రాల ట్రాలీని ఎస్‌యూవీకి తగిలించి హైవే మీద తీసుకుపోవచ్చా? ట్రాలీ, సరుకు కలిపి 700 కిలోలు.

దర్శి_జామాయిల్
సూత్రం ఇదే. 700కి హుక్కు మీద 70 నుంచి 105 కిలోలు పడాలి. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను మీద ఒక చెక్క దిమ్మె పెట్టి, ట్రాలీ చదునుగా ఉండేలా డ్రాబార్ మొన ఆనిస్తే తెలిసిపోతుంది. మిషను మోసే గరిష్ఠ బరువు చూసుకుని పెట్టండి. హుక్కు ఛాసిస్‌కు బోల్టులతో ఉండాలి, బంపరుకు కాదు. బ్రేకు లేని ట్రాలీ ఎంత లాగొచ్చో కారు పుస్తకంలో ఉంటుంది, అది దాటొద్దు. ఏరేటర్ మోటార్లు ముందుకు, ఫ్యాన్లూ ఫ్లోట్లూ వెనక్కి పెట్టండి.

హైవే మీద ట్రాలీ ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ నుంచి కాలు తియ్యండి, స్టీరింగు నిటారుగా పట్టుకోండి. ఊపుకు ఎదురు తిప్పబాకండి, కారు బ్రేకు తొక్కబాకండి. వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది. ఆపాక ముందు సరుకు సర్దండి, మళ్లీ వేగం పరీక్షించే పని వద్దు.

రివర్సుకు: స్టీరింగు కింది భాగం పట్టుకుంటే ట్రాలీ ఏ వైపు పోవాలో చెయ్యి ఆ వైపే జరుపుతారు. కొంచెం కొంచెంగా. మడత పడేలా ఉంటే ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టండి.

పెన్నా_గట్టు
రాత్రి పూట తోలకాలు కోతమిషన్లు ఆగేదాకా నడుస్తాయి కాబట్టి లైట్ల మాట. ఏడు పిన్నుల సాకెట్టు ఇంజనుకు ఉంటుంది, ట్రక్కు వైపు తీగ మాత్రం ఎక్కడో తెగి ఉంటుంది. టెయిల్ లైటు వెలగకపోతే వెనక వచ్చే లారీకి ట్రక్కు కనిపించదు. మెరిసే స్టిక్కర్లు వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. వడ్ల దుమ్ము పేరుకుంటే మెరవవు, గుడ్డతో తుడవాలి. పదహారో నంబరు హైవే మీద పంక్చరు పడితే రోడ్డు అంచు దాటించి పూర్తిగా కిందికి దించాకే జాకీ పెట్టాలి.

ట్రక్కుకు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం లాగే బండి నంబరు ట్రక్కు మీద కూడా కనిపించాలి. వ్యవసాయానికి తీసుకున్న ఇన్సూరెన్సు మీద మనుషుల్ని ఎక్కించుకుంటే క్లెయిము దగ్గర పేచీ పడుతుంది.

కోవూరు_మాగాణి
అందరికీ దండాలు. ఇప్పుడు నా ట్రక్కులో పిన్ను మీద ఎంత పడుతుందో కొలిచేదెట్టా? కాటా మిల్లు దగ్గరే ఉంది.

కాటా_లెక్కలు
మూడు తూకాలు చాలు. ఇంజను, ట్రక్కు రెండూ కాటా మీద పెట్టి ఒకటి. తర్వాత ఇంజను ముందుకు దించి, పిన్ను తియ్యకుండా ట్రక్కు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి రెండోది. సరుకు దించాక ఇంజను ఒక్కటే మూడోది. మొదటి దానిలోంచి రెండోది, మూడోది తీసేస్తే మిగిలేదే పిన్ను మీద బరువు. కాటా, దాని ముందు నేల ఒకే మట్టంలో ఉండాలి, లేకపోతే అంకె తప్పుతుంది. పనిలో పని, లోడుతో ముందు చక్రాలు మాత్రం కాటా ఎక్కించి అదీ రాసుకో.

కోవూరు_మాగాణి
కొలిచా. మొత్తం 7240. ట్రక్కు చక్రాలు 4250. ఇంజను ఒక్కటే 2010. పిన్ను మీద 980 వచ్చింది. ముందు చక్రాలు చదును నేల మీదే 500.

కాటా_లెక్కలు
ట్రక్కు బరువు 4250, 980 కలిపి 5230. పిన్ను మీద నూటికి దాదాపు 19 వంతులు పడుతుంది. ముందు పలక దగ్గర బస్తాలు ఎత్తుగా, వెనక తక్కువగా పేరుస్తుండారు. సరుకు 4 టన్నులు అనుకుంటే దాని మధ్యభాగాన్ని ఆరంగుళాలు వెనక్కి జరిపితే పిన్ను మీద 200 తగ్గుతుంది, 780కి వస్తుంది. అంటే 15 వంతులు. ముందు పై వరస నుంచి పదిహేను బస్తాలు, 40 కిలోలవి, తీసి వెనక తలుపు వైపు మూడడుగుల దూరం మారిస్తే 180 తగ్గుతుంది.

ఒంగోలు_గ్యారేజీ
అప్పటికీ ఆ ర్యాంపుకు అది చాలదు, చదును నేలకే సరి. ఆ ర్యాంపు ఒక్కటీ మూడున్నర పుట్లతో ఎక్కి, మిగిలిన పుట్టి గట్టు మీద ఎత్తుకోండి. లేకపోతే ర్యాంపు పొడుగు పెంచి పదడుగులకు అడుగు వచ్చేలా మట్టి పోయించండి. ర్యాంపు మొదట్లో గుంట ఉంటే ముందు దాన్ని పూడ్చండి. ట్రక్కు చక్రం గుంటలో ఉండి ఇంజను పైకి లాగుతున్నప్పుడే ముందు చక్రాలు లేస్తాయి.

కోవూరు_మాగాణి
గుంట ఉంది అన్నా. ట్రక్కు చక్రాలు సరిగ్గా అందులోనే దిగుతుండాయి. రేపు పొద్దున్నే రెండు ట్రక్కుల గ్రావెల్ పోయిస్తా.